నాటకం పనుల పట్టిక (ముందు హాలు సంగతి చదవండి)

కార్యదర్శి: అందరికీ నమస్కారం. గురువారంలోగా తేలవలసినవి: ఆహ్వాన పత్రిక అచ్చు, మైకులు, ఆలిస్ వేషానికి నీలం గౌను, భోజనాల లెక్క. ఎవరి పని వారు కింద రాయండి. అన్నిటికంటే ముందు ఒక మాట. హాలు వాళ్లు కాదన్నారు. ‘రాజకీయ ప్రచార సభలకు ఇవ్వం’ అని ఉత్తరం వచ్చింది.

కోశాధికారి: ప్రచారమా? మన నాటకం కథ జరిగింది 1929లో. అందులోని అమెరికా ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ 1936లోనే పోయారు. ఎవరిని గెలిపించడానికట?

హాలు ఏర్పాట్లు: మన ఆహ్వాన పత్రిక చూశారా? వాషింగ్టన్ పక్కనే ఉంటూ, క్యాపిటల్ (అమెరికా చట్టసభల భవనం) గోపురం బొమ్మ మీద ‘మీ ఓటు డాలీకా, ఆలిస్‌కా?’ అని ఎర్రక్షరాల్లో వేశాం. 501(సి)(3) సంస్థలు, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధర్మసంస్థలు, ఎన్నికల్లో ఎవరి కొమ్మూ కాయకూడదన్న నిబంధన 1954 నుంచి ఉంది. ఆ హాలు నడిపేదీ అలాంటి సంస్థే. భయపడరా మరి!

దర్శకురాలు: ఆ వాక్యం చదివి కమిటీ అంతా పడీపడీ నవ్వింది. ఇప్పుడు నా నెత్తిన రుద్దకండి. అసలు గొడవ ఓటు కోసం కాదు, కుర్చీ కోసం. కర్టిస్‌కు భార్య లేరు. ఆయన ఇంటి ఆతిథ్యం చూసే సవతి చెల్లెలు డాలీ గాన్‌కు విందుల్లో ఉపాధ్యక్షుడి భార్య చోటే కావాలి. ప్రతినిధుల సభ స్పీకర్ లాంగ్‌వర్త్ భార్య ఆలిస్ ఏమో మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూతురాయె. ఆమె తగ్గుతుందా? పంచాయితీ విదేశాంగ శాఖ దాకా పోయింది. ఇదంతా వాళ్లకు చెప్పారా?

హాలు ఏర్పాట్లు: చెప్పాను. విదేశాంగ శాఖ పేరు వినగానే ఇంకా బెదిరిపోయారు.

కోశాధికారి: కొత్త హాలంటే బీమా పత్రం వాళ్ల పేరు మీద మళ్లీ తీసుకోవాలి. మొదటి వరుస ఇస్తామని దాతల దగ్గర చందాలు పుచ్చుకున్నాం. వాళ్లకేం చెప్పను?

భోజనాలు: మనం వంటకు చెప్పిన రెస్టారెంటులోనే విందు గది ఆ రోజు ఖాళీగా ఉంది. వేదిక లేదు. అన్నీ గుండ్రటి బల్లలే.

దర్శకురాలు: తెర లేదు, వేదిక లేదు. ఆలిస్ పకోడీ పళ్లేల మధ్య నుంచి ప్రవేశిస్తుందా? ఇంత కష్టపడింది ఇందుకా! మీరే ఆడుకోండి, నేను తప్పుకుంటున్నాను.

పాత అధ్యక్షులు: అమ్మా, కోపానికి తర్వాత సమయముంది. కథంతా ఒక విందులోనే కదా నడుస్తుంది? చూసేవాళ్లే ఆ విందుకు అతిథులైతే పోలేదా! వీధి భాగవతంలో తెర పట్టుకునేది ఇద్దరు మనుషులే. వేదిక అడిగిందెవరు?

ఆలిస్ వేషం: నాకు నచ్చింది బాబాయ్. పేర్ల చీటీలు తారుమారు చేసే ఘట్టం నిజం బల్ల మీదే ఆడవచ్చు. నా చీటీ ఉన్నదే పెద్ద బల్ల.

డాలీ వేషం: పెద్ద బల్ల నాది అక్కా. చివరికి రాయబారులు పైచోటు ఒప్పుకున్నది డాలీకే. వాళ్లలో పెద్ద, బ్రిటన్ రాయబారి ఎస్మే హోవర్డే ఒప్పుకున్నాక నీదేముంది?

ఆలిస్ వేషం: చోటు నీకే ఇచ్చారు. ‘ఆలిస్ బ్లూ’ అని నీలం రంగుకు మాత్రం ఆలిస్ పేరే పెట్టారు.

కోశాధికారి: ఈ ఊపు ఆ రోజుకు దాచండి. దాతల సంగతి?

దర్శకురాలు: వాళ్లను రాయబారులను చేద్దాం. ఒక్కొక్కరి ముందు ఒక్కో దేశం చీటీ. డాలీ ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చేయెత్తి తేల్చాలి. ‘ఓటు’ అనే మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. రెండో రంగం రాత్రికి తిరగరాసి పంపుతాను.

భోజనాలు: అప్పుడు మద్యనిషేధం కదా? గ్లాసుల్లో నిమ్మరసం పోస్తే సరి.

కార్యదర్శి: మైకులు? అచ్చు?

ఆలిస్ వేషం: బల్లల మధ్య నా గౌను పడుతుందో లేదో ఎవరైనా వెళ్లి కొలవండి.

కోశాధికారి: బ్రిటన్ చీటీ తమకే కావాలని ఇద్దరు దాతలు అప్పుడే ఫోను చేశారు. ఎవరికివ్వను?