500 మీటర్ల పొట్టేలు ఎందుకు తప్పుతోంది: తూటాలో మందుదా తప్పు, గొట్టంలో మసిదా?

పొట్టేలు_తప్పినోడు:
అందరికీ నమస్కారం. ఊరు నరసరావుపేట దగ్గర, ఉండేది టెక్సాస్‌లో. రెండేళ్ళ కిందట పాత షార్ప్స్ రైఫిల్‌కి నకలుగా చేసిన .45-70 కొన్నాను. తెలియనివాళ్ళ కోసం: 45 అంటే అంగుళంలో నూటికి 45 వంతుల గొట్టం, 70 అంటే తూటాలో పట్టే మందు బరువు, గ్రెయిన్లనే చిన్న తూకంలో. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా ఇది. మా క్లబ్బులో దీంతో ఇనుప బొమ్మల పోటీ ఆడతాం. 200 మీటర్లలో కోడి, 300లో పంది, 385లో టర్కీ కోడి, 500లో పొట్టేలు. కోడిని నిలబడి కొట్టాలి, మిగతావాటికి అడ్డంగా కట్టిన రెండు కర్రల ఆసరా ఇస్తారు. తూటాలు నేనే నింపుకుంటాను. పొగ రాని కొత్త మందు కాదు, పాతకాలపు బ్లాక్ పౌడరే.

కోడి, పంది దగ్గర ఇబ్బంది లేదు. పొట్టేలు దగ్గరే పరువు పోతోంది. గుండు ఎడమకీ కుడికీ పోవట్లేదు, పైకీ కిందికీ పోతోంది. ఒకటి వీపు మీదుగా వెళ్తే ఇంకొకటి కాళ్ళ ముందు దుమ్ము లేపుతుంది. క్లబ్బులో ఇద్దరు పెద్దాళ్ళని అడిగాను. ఒకాయన "మందు సరిగ్గా అణచట్లేదు" అన్నాడు, ఇంకొకాయన "గొట్టం మసిపట్టింది" అన్నాడు. ఇద్దరూ ఎన్నో ఏళ్ళుగా కాలుస్తున్నవాళ్ళే. ఎవరి మాట వినమంటారు?

శేరు_మానిక:
తమ్ముడూ, ముందు తూటా చూడు, గొట్టం సంగతి తర్వాత. మన నాయనమ్మలు మానికతో బియ్యం కొలిచేటప్పుడు ఊరికే పోసి తలకొట్టేవాళ్ళు కాదు, కుదించి తలకొట్టేవాళ్ళు. కుదించకపోతే ఒక్కో మానికా ఒక్కోలా వస్తుంది. తుపాకి మందూ గింజలే. షెల్ అనే ఇత్తడి తొడుగులోకి ఒక్కసారిగా గుమ్మరిస్తే గింజల మధ్య సందులు ఒక్కో తూటాలో ఒక్కోలా ఉంటాయి. రెండడుగుల ఇత్తడి గొట్టంలోంచి నెమ్మదిగా జారవిడిస్తే అవే సర్దుకుని కూర్చుంటాయి. పైన అట్టబిళ్ళ పెట్టి, డై అనే అణిచే పనిముట్టుతో అన్ని తూటాలనూ ఒకే లోతుకు అణచాలి. మందు ఒకేలా కూర్చుంటే ఒకేలా మండుతుంది, వేగం ఒకేలా వస్తుంది, పైకీ కిందికీ పోవడం తగ్గుతుంది.

ఎంత అణచాలన్నది మందు కంపెనీని బట్టి. నా అనుభవంలో గోయెక్స్‌ని బాగా అణిచితేనే మాట వింటుంది, స్విస్‌ని ఎక్కువ అణిచితే అలుగుతుంది. ఇంకో మాట. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ అస్సలు ఉండకూడదు. అది గురి గురించి కాదు, గొట్టం ఉబ్బుతుందన్న భయంతో చెబుతున్నాను.

గార_వదిలించు:
మానిక అన్నయ్య చెప్పిందాంట్లో తప్పు లేదు గానీ, వరస తిరగేశారు. తూటాలు ఎంత శ్రద్ధగా నింపినా, ఒక్కో గుండు ఒక్కో రకం గొట్టంలోంచి వెళ్తుంటే ఏం లాభం? ఈ మందులో నూటికి 75 పాళ్ళు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. కాలాక సగానికి పైగా వాయువు కాదు, ఘనపదార్థమే. కొంత తెల్లటి పొగగా పోతుంది, మిగిలింది గొట్టానికి అంటుకుంటుంది. తేమ తగిలితే మెత్తటి మసి. టెక్సాస్ ఎండకు ఆరిందా, పళ్ళ మీద గారే. ఆ గార మీద మెత్తటి సీసం గుండు రాసుకుంటూ పోతే గుండును తిప్పే లోపలి గాడుల పట్టు మారుతుంది, వేగమూ మారుతుంది.

తమ్ముడూ, కాల్చాక గొట్టం మూతి చూడు. చుట్టూ జిడ్డు నక్షత్రంలా పరుచుకుని ఉంటే గుండుకు పూసిన మైనం మూతిదాకా చాలిందన్నమాట. పొడిగా బూడిద రంగులో ఉంటే చివరి ఆరేడు అంగుళాలు గార కట్టినట్టే.

గుండుకీ గుండుకీ మధ్య గొట్టంలోకి ఎన్నిసార్లు ఊదుతున్నావు?

పొట్టేలు_తప్పినోడు:
అక్కా, రెండుసార్లు. ఖాళీ షెల్‌కి వెనక బెజ్జం వేసి రబ్బరు గొట్టం తగిలించుకున్నాను. దాన్ని గొట్టం వెనక తూటా కూర్చునే చోట పెట్టి ఊదుతాను. ఊపిరిలోని తేమతో మసి మెత్తబడుతుందని.

గార_వదిలించు:
ఎండాకాలంలో రెండు ఊదులా! ఐదారు నిండు ఊపిరులు పట్టించు. లేదా తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడువు.

ఒకడే_అడిగాడు:
ఈ తంటా అంతా దేనికండీ? పొగ రాని కొత్త మందు అదే షెల్‌లో పోసేస్తే పోలా?

శేరు_మానిక:
బాబూ, ఆ మాట సరదాకి కూడా అనకు. ఆ మందు కొలతలే వేరు. షెల్ నిండా పోస్తే రైఫిల్ చేతిలోనే పేలుతుంది. పైగా ఈ పోటీలో అది వాడనివ్వరు.

చేతిలెక్క:
పెద్దలిద్దరూ కొట్టుకునే ముందు చిన్న లెక్క. ఈ గుండు సెకనుకు సుమారు 1200 అడుగుల వేగంతో బయల్దేరుతుందనుకుందాం. 500 మీటర్లు చేరడానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. ఆ లోపల సుమారు 40 అడుగులు కిందికి జారుతుంది, అందుకే గురి చూసే వెనక పట్టీని అంత పైకెత్తాలి. వేగంలో పది అడుగుల తేడా వస్తే పొట్టేలు దగ్గర దాదాపు అరడుగు ఎత్తు మారుతుంది. 30 అడుగుల తేడా అయితే వీపు మీద పడాల్సింది కాళ్ళ ముందు పడుతుంది. కాబట్టి అడగాల్సింది "మందా మసా" అని కాదు, వేగం మారుతోందా లేదా అని. గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకో. తూటాలు పది ప్రతిసారీ తుడిచి, పది రెండు ఊదులతో, పది ఆరు ఊదులతో కాల్చు. తూటాలన్నీ ఒకే విడతవి కావాలి.

వేగం నిలకడగా ఉండి కూడా పైకీ కిందికీ పోతుంటే ఇద్దరి మాటా పక్కన పెట్టు. కర్రల మీద గొట్టం ప్రతిసారీ ఒకే చోట ఆనిస్తున్నావా? అది రెండంగుళాలు జరిగినా గుండు పడే ఎత్తు మారుతుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు, కొనడానికి సామానేమీ ఉండదు కదా.

చరిత్ర_పిచ్చి:
ఈ గొడవ 1874లోనే అయిపోయింది. సెప్టెంబర్ 26న న్యూయార్క్ పక్కన క్రీడ్‌మూర్‌లో ఐర్లండ్‌కీ అమెరికాకీ పోటీ. జట్టుకు ఆరుగురు, 800, 900, 1000 గజాలు, ఒక్కో దూరంలో మనిషికి 15 గుళ్ళు. ఐరిష్ వాళ్ళవి మూతి వైపు నుంచి దట్టించే రిగ్బీ రైఫిళ్ళు. అమెరికావాళ్ళవి వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్. మూతి నుంచి దట్టించేవాడు ప్రతిసారీ గొట్టం తుడిచి, మందు కొలిచి, గుండు నిదానంగా దింపుతాడు. అప్పటి పెద్దలందరూ గురికి ఇదే మేలనుకున్నారు. చివరికి అమెరికా 934, ఐర్లండ్ 931. తూటానే గెలిచింది. మానిక అన్న గెలిచినట్టే.

గార_వదిలించు:
సగం కథ చెప్పి తీర్పు ఇచ్చేస్తే ఎలా? ఐరిష్ జట్టులో మిల్నర్ ఒక గుండు సరిగ్గా బొమ్మ నడిమధ్యే కొట్టాడు, కాకపోతే పక్క బొమ్మ మీద. లెక్కలో సున్నా. సరైన బొమ్మయితే నాలుగు పాయింట్లు, 935. ఒక్క పాయింటుతో ఐర్లండ్ గెలిచేది. 1080కి ఆడిన పోటీలో మూడు పాయింట్ల తేడా చూసి ఒక పద్ధతి గొప్పదని ఎలా అంటాం? ఆ రోజు అందరికంటే ఎక్కువ, 171 కొట్టింది అమెరికా జట్టులోని ఫుల్టన్. ఆయనది వెనక నుంచి నింపే రెమింగ్టనే, కానీ మందు షెల్‌లో పెట్టి వెనక నుంచి, గుండు మాత్రం మూతిలోంచి దింపేవాడు. తూటాను నమ్మిన మనిషి చేసే పనేనా అది? మూతి నుంచి గుండు దిగాలంటే గొట్టం శుభ్రంగా ఉండాలి కూడా!

శేరు_మానిక:
అక్కా, గుండు ఎటునుంచి దింపినా మందు షెల్‌లోనే కదా పెట్టాడు. నా పక్షమే 🙂

చరిత్ర_పిచ్చి:
ఫుల్టన్‌ను తలో చెయ్యి పట్టి లాగుతున్నారు పాపం. అదే ఏడు టెక్సాస్‌లోనే అడోబీ వాల్స్ అనే చోట జరిగిన పోరులో బిల్లీ డిక్సన్ అనే వేటగాడు షార్ప్స్‌తో 1500 గజాల పైన కొట్టాడంటారు కదా, దాన్ని ఎవరి ఖాతాలో వేద్దాం?

చేతిలెక్క:
అదృష్టం ఖాతాలో. అది తగిలిన గుండే తప్ప కొట్టిన గుండు కాదు. దయచేసి వేరే టాపిక్ తెరవండి.

అడవి_అంచు:
భద్రాచలం వైపు వాణ్ణి. మా తాతల కాలంలో లైసెన్సున్న నాటు తుపాకి ఉండేది. మందు పోసి, పీచు పెట్టి, కడ్డీతో దట్టించేవాళ్ళు. 'దట్టించడం' అనే మాటే అక్కణ్ణుంచి మా నోట్లో ఉంది. నాలుగైదు పేల్చాక కడ్డీ దిగేది కాదని, అప్పుడు గొట్టంలో వేణ్ణీళ్ళు పోసి కడిగేవాళ్ళని అమ్మమ్మ చెప్పేది. కాబట్టి నా ఓటు అక్కకి.

ఇంకోటి. స్కూల్లో 1857 పాఠంలో ఎన్‌ఫీల్డ్ తూటాకి కొవ్వు పూశారని, అది ఆవుదో పందిదోనని సిపాయిలు తిరగబడ్డారని చదువుకున్నాం. ఆ కొవ్వు ఎందుకు పూశారో ఏ మాస్టారూ చెప్పలేదు. ఈ గార గోల కోసమే కదా?

గార_వదిలించు:
అందుకే. మూతి నుంచి గుండు సులువుగా జారాలి, మసి మెత్తగా ఉండాలి. ఇప్పటికీ చాలామంది తేనెమైనంలో ఏదో ఒక కొవ్వో నూనో కలిపే పూస్తారు. ఇక్కడ ఎవరూ మందును తెలుగులో నల్లమందు అని రాయనందుకు సంతోషం. రాసుంటే మోడరేటర్ గారు టాపిక్ మూసేసేవారు.

పొట్టేలు_తప్పినోడు:
మూడు వారాలైంది, లెక్కలతో వచ్చాను. తుడిచిన పదింటిలో అతి వేగానికీ అతి నెమ్మదికీ తేడా సెకనుకు 14 అడుగులు. రెండు ఊదులతో 33. ఆరు ఊదులతో 17. అక్కకి దండం.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇన్నాళ్ళూ నేను మందును గుండుతోనే అణిచేవాణ్ణి. మూడు తూటాలు విప్పి చూస్తే రెండు గుళ్ళ అడుగు పళ్ళెంలా వంగి ఉంది.

శేరు_మానిక:
చెప్పానా! ఇరవై పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం కలిపిన గుండు అంత మెత్తగా ఉంటే, దాన్ని రోకలిలా వాడతావా? అణిచే డై కొనుక్కుని మళ్ళీ అదే పరీక్ష చెయ్యి. 17 అన్నది ఇంకా తగ్గుతుంది.

గార_వదిలించు:
అన్నయ్యా, నలిగిన గుళ్ళతోనే తుడిస్తే 14 వచ్చింది చూశారా?

శేరు_మానిక:
వేగం చూశావమ్మా, పడిన చోటు చూశావా? అడుగు నలిగిన గుండు ఒకే వేగంతో పోయినా వంకరగా పోతుంది. తమ్ముడూ, ఆ పదీ కాగితం మీద ఎలా పడ్డాయి?

పొట్టేలు_తప్పినోడు:
అన్నా, కాగితం పెట్టలేదు. క్రోనోగ్రాఫ్ చూసుకుంటూ మర్చిపోయాను.

చేతిలెక్క:
శభాష్.

పొట్టేలు_తప్పినోడు:
డై వచ్చింది. నిన్న ఆదివారం పోటీ. ఆరేసి ఊదులు, డైతో అణిచిన మందు, కర్రల మీద ఆనించే చోట గొట్టానికి టేపు ముక్క. పదికి ఆరు పొట్టేళ్ళు పడ్డాయి, ఇంతకుముందు రెండు మించింది లేదు. ఏది పని చేసిందో మాత్రం అడగొద్దు, మూడూ ఒకేసారి మార్చేశాను. నిజానికి ఏడు పడ్డాయి. ఒకటి నాది కాదు, వరసలో పక్కది. లెక్కలోకి రాలేదు.

గార_వదిలించు:
మిల్నర్ గారికి నూటయాభై ఏళ్ళకి తోడు దొరికాడు.