పాత శిక్ష గురించి ఇంటర్వ్యూలో ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలి?

పాతలెక్క:
ఒక కంపెనీలో స్టోర్స్ చూసేవాణ్ణి. బిల్లులు మార్చి సరుకు బయటికి పంపిన కేసులో శిక్ష పడింది. అది పూర్తయి బయటికొచ్చి రెండేళ్లు దాటింది, అప్పటి నుంచి లోడింగ్ పని చేస్తున్నాను. స్టాక్ ఎంట్రీ, ఇన్వాయిస్‌లు, ఎక్సెల్ అన్నీ వచ్చు. జైల్లో వంటశాల సరుకుల రిజిస్టర్ కూడా నేనే రాసేవాణ్ణి.

ఇప్పుడు ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్ పోస్టుకి పిలిచారు. రెజ్యూమెలో ఆ ఖాళీ దగ్గర "సొంత వ్యాపారం" అని రాసెయ్యమని స్నేహితుడి సలహా. నాకు ఇష్టం లేదు, నిజమే చెప్తాను. కానీ నోరు తెరిస్తే లాయర్ సంగతి, నాతో పాటు ఇరుక్కున్నవాళ్ల సంగతి, అన్నీ వచ్చేస్తాయి. ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ ఆపాలి?

టేబుల్ అవతల:
అన్నయ్యా, నేను గోడౌన్లకి మనుషుల్ని తీసుకునే పనిలో ఉన్నాను. కేసు రెజ్యూమెలో రాయక్కర్లేదు. "సొంత వ్యాపారం" మాత్రం వద్దే వద్దు. వెరిఫికేషన్ వాళ్లు దానికి ఆధారాలు అడుగుతారు. అప్పుడు పాత కేసు ఎవరికీ పట్టదు, కొత్త అబద్ధం మీదే తీసేస్తారు, చేరిన ఏడాదికి బయటపడినా సరే.

మొదటి ఫోన్ కాల్‌లో చెప్పకండి. పని గురించి మాట్లాడటం అయ్యాక, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి సంతకం పెట్టకముందు చెప్పండి. రిపోర్టులో చూసి ఉలిక్కిపడిన మేనేజర్‌కి ఆ తర్వాత మీరేం చెప్పినా ఎక్కదు. ఫారంలోనే అడిగితే అక్కడే నిజం రాసి, "వివరాలు కలిసినప్పుడు చెప్తాను" అని ఒక ముక్క చేర్చండి.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. మీది సరుకు కేసు, అడుగుతున్నది సరుకు ఉద్యోగం. నేనైనా వెనకాడతాను. స్టాక్‌ని వేరేవాళ్ల చేత తరచూ సరిచూపించమని మీరే ముందు అడిగితే కొంత మార్పు ఉంటుంది. లేదంటే డిస్పాచ్ షెడ్యూల్ చూసే పోస్టులకీ అప్లై చేయండి.

నైట్ డ్యూటీ:
బ్రదర్, నాది కొట్లాట కేసు. ఎక్కడ ఆపాలో నేనూ చెప్పాల్సిన మాటల్ని ఇంట్లో పైకి చదివి చదివే నేర్చుకున్నాను. మీకైతే ఇలా ఉంటుంది: "స్టోర్స్‌లో ఉండగా బిల్లులు మార్చిన కేసులో నాకు శిక్ష పడింది. అది పూర్తయింది. తర్వాత లోడింగ్‌లో పని చేస్తున్నాను, మా సూపర్‌వైజర్ నంబర్ ఇస్తాను. ఇంకేమైనా తెలుసుకోవాలంటే అడగండి."

ఇక నోరు మూసెయ్యాలి. ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఏమీ మాట్లాడరు, మనకి టెన్షన్‌తో ఏదో ఒకటి కలపాలనిపిస్తుంది. లాయర్ కథ దూరేది అక్కడే.

ఆ వంటశాల రిజిస్టర్‌ని వదులుకోవద్దు. ఆ పని చేసినట్టు జైలువాళ్లు రాతపూర్వకంగా ఏదైనా ఇస్తారేమో అడిగి తెచ్చుకోండి.

కోర్టు కాగితాలు:
ముందు మీ తీర్పు కాపీ, విడుదల కాగితం దగ్గర పెట్టుకోండి. సెక్షన్లు, తేదీలు మీ మాటతో సరిపోవాలి. "అరెస్టయ్యారా", "కేసు పెండింగ్‌లో ఉందా", "శిక్ష పడిందా" అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. అడిగిన దానికే జవాబు ఇవ్వండి. భారత సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పిందీ ఇదే: ఫారం స్పష్టంగా అడిగింది దాస్తే ఉద్యోగం పోవచ్చు, స్పష్టంగా అడగనిది చెప్పలేదని దాచినట్టు లెక్కించకూడదు. అమెరికాలో ఉద్యోగ వివక్షను చూసే ఫెడరల్ కమిషన్ 2012 సూచనలు యజమానిని మూడు విషయాలు చూడమంటాయి: నేరం ఎలాంటిది, ఎంతకాలమైంది, ఉద్యోగం ఎలాంటిది. హవాయిలోనైతే 1998 నుంచే ఆఫర్ ఇవ్వకముందు ఈ ప్రశ్న అడగకూడదు. మీరున్న చోట రూల్ ఏమిటో చూసుకోండి.

పాతలెక్క:
ఫారం వచ్చిందండీ. "గత ఏడేళ్లలో శిక్ష పడిందా" అని ఉంది. అరెస్టయి ఏడేళ్లు దాటింది, తీర్పు వచ్చింది మాత్రం ఆ తర్వాత చాలా కాలానికి. ఏ తేదీ పట్టుకోవాలి?

కోర్టు కాగితాలు:
తీర్పు తేదీ. అవును అని రాయండి.

టేబుల్ అవతల:
ఇలా రాసినవాళ్లు ఫారం పంపిన రోజే నాకు ఫోన్ చేసి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. మిమ్మల్ని పిలిచినవాళ్లకి మీరు చెయ్యండి. ఆ నాలుగు మాటలూ కాగితం మీద రాసుకుని మరీ.