గార్డు మార్పు వేడుక: ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది?

కోటజంక్షన్: అమ్మానాన్నలతో ముందు ఢిల్లీ, వేసవిలో లండన్‌లో అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాం. రెండుచోట్లా గార్డు మారడం చూడాలని నాన్న పట్టు. మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. చూసినవాళ్లు చెప్పండి.

గంటస్తంభం: లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు ముందు చోటు కోసం తోసుకోవద్దు. పైడితల్లి జాతరలో సిరిమాను చూడ్డానికి మన విజయనగరంలో అందరూ కోట బురుజు కిందే నిలబడతారా? దారిలో ఎక్కడ వీలైతే అక్కడ ఆగుతారు. ఇదీ అంతే. కొత్తగా కాపలాకొచ్చే గార్డు దళం ప్యాలెస్ దగ్గరి సిపాయిల బస వెల్లింగ్టన్ బారక్స్ నుంచి బ్యాండుతో బయల్దేరుతుంది. పదిన్నరకి ముందే అక్కడి ఇనప కమ్మీల దగ్గర ఉంటే తనిఖీ, బ్యాండు అన్నీ కళ్లెదుటే. మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాలే. జోరువాన పడితే రద్దు. ముందురోజు ఆన్‌లైన్‌లో తేదీ చూసుకోండి.

పాలకొండ_అక్క: పిల్లలుంటే కోటు బొత్తాలు చూడమనండి, ఏ దళం సిపాయో తెలుస్తుంది. ఒక్కొక్కటిగా ఉంటే గ్రెనేడియర్, రెండేసి కోల్డ్‌స్ట్రీమ్, మూడేసి స్కాట్స్, నాలుగేసి ఐరిష్, అయిదేసి వెల్ష్. మా వాడు బ్యాండు వదిలేసి ఇదే పని. ఎర్రకోటు ఫొటోలు కావాలంటే మాత్రం వేసవిలోనే. చలికాలం పైన బూడిదరంగు ఓవర్‌కోటు వేసేస్తారు.

నాగావళి_గట్టు: ఇదంతా టూరిస్టుల కోసం ఆడే ఆటే గదేటి?

కోరుకొండ_కేడెట్: సియోల్‌లో అయితే అవును తమ్ముడూ. గ్యోంగ్‌బొక్‌గుంగ్ కోట గేటు దగ్గర జోసన్ రాజుల కాలం నాటి దుస్తులేసుకుని పాత పద్ధతిని నడిపి చూపిస్తారు. టికెట్ అక్కర్లేదు, బావుంటుంది కూడా. మంగళవారం సెలవు. లండన్, ఢిల్లీల్లో నిలబడేది అసలు సిపాయిలే. మన రాష్ట్రపతి అంగరక్షక దళం వాళ్లు గుర్రపుస్వారీతోపాటు పారాచూట్ శిక్షణ కూడా పొందినవాళ్లు. ఆ దళాన్ని 1773లో వారెన్ హేస్టింగ్స్ బెనారస్‌లో పెట్టాడు. మన విజయనగరం కోట 1713ది, అంటే దానికంటే అరవైయేళ్లు పెద్దది!

కోటజంక్షన్ గారూ, ఢిల్లీలో శనివారం పూట ఉంటుంది. రాష్ట్రపతి భవన్ వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేసుకోండి. వేళలు కాలాన్నిబట్టి మారతాయి. అందరి గుర్తింపు కార్డులూ ఉండాలి. నాన్నగారి మోకాళ్ల సంగతి లోపలికి వెళ్లేటప్పుడే సిబ్బందికి చెప్పండి. లండన్‌లో ఆయనకి హార్స్ గార్డ్స్ అనే చోటు నయం. గుర్రాల మీద గార్డు రోజూ 11కి మారుతుంది, ఆదివారం 10కి. ప్యాలెస్ దగ్గరంత తొక్కిసలాట ఉండదు. గుర్రం పక్కన ఫొటోకి మరీ దగ్గరగా వెళ్లొద్దు. కరుస్తుంది, తంతుంది అని బోర్డే పెట్టారు.

కోటజంక్షన్: ఢిల్లీ రైలు టికెట్లు శనివారం కలిసొచ్చేలా మారుస్తున్నాను. హార్స్ గార్డ్స్ దగ్గర కూర్చోడానికేమైనా ఉందా?

గంటస్తంభం: వెనక మైదానం దాటితే సెయింట్ జేమ్స్ పార్కు, బెంచీలున్నాయి. పొద్దున కుదరకపోతే సాయంత్రం 4కి తనిఖీ ఒకటుంది, అది చూపించండి. విక్టోరియా రాణి కాలంలో అక్కడి గార్డు సిపాయిలు డ్యూటీలో తాగుతూ, జూదమాడుతూ దొరికిపోయారట. అప్పట్నించీ అది శిక్షగా మొదలైందని చెప్తారు.

నాగావళి_గట్టు: అయితే ఆ నాలుగింటిదే సూడాలి!