ఉగాదికి పూచే దుంపపూలు: నెల్లూరు, ఒంగోలు వైపు ఏవి నిలుస్తాయి?

నెల్లూరు పెరడు
ఇంటి ముందు తూర్పు వైపు కాస్త ఖాళీ ఉంది, ఇసుక నేల. ఉగాది నాటికి పూచేలా దుంపజాతి పూలమొక్కలు వేయాలని ఆశ. ఆన్‌లైన్‌లో ట్యులిప్ దుంపలు కనిపిస్తున్నాయి, కొనవచ్చా? కార్తీకం ముసురు పట్టింది. ఇప్పుడే నాటాలా, ఆగాలా?

ఒంగోలు మేడతోట
ట్యులిప్ జోలికి పోకండి. దాని దుంపకు 9 డిగ్రీల లోపు చలి 12 నుంచి 16 వారాలు కావాలి. శ్రీనగర్‌లో ఆ చలి ఉచితంగా దొరుకుతుంది కనుక మార్చి చివర, ఏప్రిల్‌లో పూస్తుంది. మనకు ఫ్రిజ్ ఒక్కటే దారి. అందులోనూ ఆపిల్, అరటి పండ్ల పక్కన పెడితే వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ చెడిపోతుంది. ఇంత చేసి ఒక పువ్వు పూయించినా, మన ఎండలకు ఆ దుంప మరుసటి ఏడాదికి పనికిరాదు. ఆ డబ్బు పెట్టి నాలుగు మల్లె అంట్లు తెచ్చుకోవడం నయం.

కావలి కుండీలు
మీ ఉగాది కోరిక తీర్చేది నర్సరీల్లో అమరిల్లిస్ పేరుతో అమ్మే ఎర్రపువ్వు. అసలు పేరు హిప్పియాస్ట్రమ్. దీనికి చలి అక్కర్లేదు, ఎండు విశ్రాంతి చాలు. మన దగ్గర చిక్కంతా ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలో నానితే దుంప మెడ దగ్గర కుళ్లుతుంది. అందుకే కుండీలను చూరు కిందికి జరిపి, డిసెంబరు మొదట్లో నీళ్లు పూర్తిగా ఆపేస్తాను. ఆకులు వాడినా కంగారు పడను. ఫిబ్రవరి మొదట్లో మళ్లీ నీళ్లు మొదలుపెడితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కాడ లేస్తుంది. కొత్త దుంపలైతే జనవరి చివర నాటండి, ముసురులో వద్దు. దుంప పై భాగం మట్టి పైకి కనిపించాలి. పూర్తిగా పూడ్చేవాళ్లే ఎక్కువ, ఆ తర్వాత పూయలేదని దుంపను తిడతారు!

ఇంకొకటి, నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్ర మచ్చలు ఉన్న గొంగళిపురుగులు వస్తాయి. రాత్రికి రాత్రి ఆకులన్నీ తినేస్తాయి. మందు కొట్టేకంటే పొద్దున్నే ఏరివేయడం మేలు.

కందుకూరు
నేల ఉన్నవారు కుండీల మీదే ఆధారపడటం ఎందుకు? లిల్లీ గడ్డలు వేయండి, దండలకు వాడే నేలసంపెంగే. ఫిబ్రవరి, మార్చిలో జానెడు దూరంలో, రెండంగుళాల లోతున నాటితే మూడు నాలుగు నెలలకు వెన్నులు వేస్తుంది. ఉగాదికి అందదు, శ్రావణానికి అందుతుంది. వాసన కావాలంటే ఒంటిరెక్క రకమే తీసుకోండి.

ఒంగోలు మేడతోట
నల్లరేగడి వాళ్లకు మాత్రం ఒక మాట. నీరు నిలుస్తుంది కనుక ఇసుక కలిపి, మడిని జానెడు ఎత్తు చేయకుండా ఏ గడ్డా పెట్టకండి.

పొదిలి
మా బోరు నీళ్లు ఉప్పన. కుండీ అంచుకు తెల్లగా పేరుకుంటుంది. అయినా రెయిన్ లిల్లీ తట్టుకుంటోంది. వారాల తరబడి ఎండగట్టి ఒక్కసారి తడిపితే నాలుగైదు రోజుల్లో పూస్తుంది. వాననీళ్లు పట్టి పోస్తే ఇంకా మేలు.

నెల్లూరు పెరడు
అందరికీ ధన్యవాదాలు. అయితే అమరిల్లిస్ కుండీల్లో, లిల్లీ నేలలో. కంచె మీదికి నాభి (అగ్నిశిఖ) తీగ పాకించమని మా వదిన అంటోంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, పరవాలేదా?

కావలి కుండీలు
వద్దండీ. నాభిలో మొక్కంతా విషమే, దుంపలో మరీ ఎక్కువ. పిల్లలు పెద్దయ్యాక చూసుకోవచ్చు. అమరిల్లిస్ దుంపా తినకూడనిదే, పైగా అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది. విశ్రాంతికని తీసి వంటింట్లో ఉల్లిపాయల బుట్ట దగ్గర పెట్టకండి.

కందుకూరు
ఫుట్‌బాల్ లిల్లీ పెట్టే ఆలోచన ఉంటే అది మే నెలలో పూస్తుంది. ఏడాదికి దుంపకు ఒకటే పువ్వు. చలికాలంలో ఆకులు రాలి కుండీ ఖాళీగా కనిపిస్తుంది, చచ్చిందనుకుని పారేయకుండా పేరు రాసి పెట్టండి.