చర్చ: ఇంటిల్లిపాదీ కలిసి పాడుబడ్డ మేడలకు వెళ్లి ఫొటోలు తీసుకోవడం తప్పా?

కెమెరా నాన్న
మొన్న ఆదివారం మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, మా అమ్మ, నేను హైదరాబాద్‌లో కోఠీ వెనక సందుల్లో ఒక పాత మేడకు వెళ్లొచ్చాం. నాలుగు ఫొటోలు పెట్టాను. మొదటిది వాకిలి కమాను. రెండోది హాల్లో మిగిలిన రంగుటద్దాలు. మూడోది పై అంతస్తు వసారాలో పాప. నాలుగోది వంటింటి గోడలో దేవుడి గూడు. కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు, గూటి పైన సున్నం మీద దీపం మసి అలాగే ఉంది.

అక్కడ మా అమ్మ పాపకి గంజి వార్చే తూము చూపించింది, రోలు పాతిన చోటు చూపించింది. మా అపార్ట్‌మెంట్‌లో పుట్టిన పిల్లకి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? మా నాన్న పాతికేళ్లు పనిచేసిన ఫ్యాక్టరీని నేను ఒక్క ఫొటో తీసుకునేలోపే నేలమట్టం చేశారు. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే ఉన్నవి ఉన్నప్పుడే చూడాలని తిరుగుతున్నాం. కానీ ఆఫీసులో ఒకాయన "పిల్లని తీసుకెళ్లే చోటేనా అది" అని కసురుకున్నారు. మీరేమంటారు?

గౌలిగూడ కుర్రాడు
సూపర్ ఫొటోలు అన్నా. లొకేషన్ పెట్టండి, మేం కూడా వచ్చే వారం పోతాం.

డంగుసున్నం
నేను ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో సగం పాత భవనాల మధ్యే గడిచింది. మీ ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ దయచేసి ఆ మూడో ఫొటోని పెద్దది చేసి చూడండి. పాప తల పైన దూలం గోడలోకి దిగేచోట నల్లటి తడి మరక ఉంది. ఆ మరకకి సరిగ్గా పైన, పిట్టగోడలో రావి మొక్క ఉంది.

ఆ కాలపు కప్పు ఎలా కట్టేవారో చెబుతాను. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా సన్న కర్రలు, వాటి మీద పలచటి ఇటుకలు నిలబెట్టి సున్నంతో పేర్చేవారు. ఆపైన మళ్లీ మందంగా సున్నపు కాంక్రీటు. పైన నీళ్లు ఇంకితే ఆ పొర బరువెక్కుతుంది. దూలం మాత్రం ముందు గోడ లోపలి కొసన కుళ్లుతుంది, అది మనకి కనపడదు. నడుమ చూస్తే టేకు గట్టిగానే ఉంటుంది. కప్పు మీద అంత బరువు, కింద ఏ ఆధారమో తెలియని వసారా, దాని కింద తొమ్మిదేళ్ల పిల్ల. మీ ఆఫీసాయన కసురుకోవడంలో తప్పేం లేదు.

నాంపల్లి ప్లీడర్
భద్రత సంగతి అలా ఉంచి చట్టం చూద్దాం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అక్రమ ప్రవేశానికి సెక్షన్ 329. మామూలు అక్రమ ప్రవేశమైతే మూడు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఇల్లయితే ఏడాది దాకా. అయితే నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవాళ్లని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. ఫొటో తీసుకోవడానికి వెళ్లినవాడికి ఆ ఉద్దేశం ఉందని రుజువు చేయడం కష్టం.

డంగుసున్నం
సర్, కప్పు కూలేటప్పుడు ఉద్దేశం చూడదు. నేను చెప్పింది మూడో ఫొటో గురించి.

ఇద్దరు పిల్లల తల్లి
మాకు వీటన్నిటికంటే పావురాల రెట్టతోనే భయం. మా వాడికి ఆయాసం ఉంది. మూసి ఉన్న గదుల్లో అది ఎండి దుమ్ములా లేస్తుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి. కనీసం మాస్కులైనా పెట్టుకున్నారా? ఫొటోలో పాపకి లేదు.

కెమెరా నాన్న
మాస్కులు జేబులోనే ఉన్నాయమ్మా, ఫొటో కోసం ఒక్క నిమిషం తీశాం. బూట్లు వేసుకున్నాం, టార్చ్ పట్టుకున్నాం, వానాకాలంలో అస్సలు వెళ్లం.

డంగుసున్నం గారూ, మీ అనుభవానికి దండం. కానీ ఒక్క మాట. ఈ ఊళ్లో ఏ కట్టడమైనా జనం చూడబట్టే మిగిలింది. నిజాం కాలపు మేడ ఎర్రమంజిల్‌నే తీసుకోండి. కొత్త అసెంబ్లీ కట్టడం కోసం పడగొడతామంటే 2019 సెప్టెంబరులో హైకోర్టు కాదంది. ఆ కేసు వేసినవాళ్లూ, ఆ మేడ ఫొటోలు ఊరంతా పంచినవాళ్లూ ఎవరు? మామూలు మనుషులే. అదే నౌబత్ పహాడ్ దగ్గర హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ చూడండి. ఒకప్పుడు రిట్జ్ హోటల్, ఏళ్లకేళ్లు చెట్లు మొలిచి పడి ఉంది. ఇక ప్రైవేటు మేడల సంగతి సరేసరి. హెరిటేజ్ జాబితాకి అండగా ఉన్న 13వ నిబంధనని 2015లోనే ఎత్తేశారు. 2017లో కొత్త హెరిటేజ్ చట్టం వచ్చింది, కానీ సందులో మేడలకి ఒరిగిందేమిటి? రేపు జేసీబీ వస్తే సాక్ష్యంగా మిగిలేది మా ఫొటో ఒక్కటే.

డంగుసున్నం
ఎర్రమంజిల్‌ని కాపాడింది కోర్టు కాగితాలు. వసారాలో నిలబడ్డ పిల్ల కాదు.

చూడాలనుకుంటే చోట్లు లేవా? కోఠీలోనే బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ మేడని బాగుచేసి 2023లో జనానికి తెరిచారు. సంతోష్‌నగర్‌లో పాయిగా సమాధుల దగ్గర గచ్చుపని చూస్తే కళ్లు తిప్పుకోలేం. బన్సీలాల్‌పేట మెట్లబావి ఎలా ఉండేదో నాకు తెలుసు, నిండా చెత్త. పూడిక తీసి, బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. పిల్లలు హాయిగా మెట్లు దిగి చూడొచ్చు.

నా సర్వీసులో ఒక మేడకి శిథిల భవనమని నోటీసు అంటించాం. సంక్రాంతికి పతంగులు ఎగరేయడానికి పిల్లలు దాని మీదికే ఎక్కారు. పిట్టగోడ విరిగి ఒకడు పడ్డాడు, బతికాడు గానీ ఈ రోజుకీ సరిగా నడవలేడు. ఆ నోటీసు మీద నా సంతకం ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ మూడో ఫొటో తీసేయండి. దాన్ని చూసి ఇంకో తండ్రి తన పిల్లని అక్కడే నిలబెడతాడు.

నాంపల్లి ప్లీడర్
నోటీసు అంటించిన భవనమైతే లెక్క వేరు. ఈ మేడకి నోటీసు ఉందా?

చార్మినార్ చాయ్
రాత్రి పూట వెళ్లి ఉంటే మజా వచ్చేది. కుందన్‌బాగ్ దెయ్యాల ఇంటి టైపు వీడియోలకి లక్షల్లో వ్యూస్ ఉంటాయి అన్నా.

కాచిగూడ ఆడపడుచు
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. ఈ దెయ్యాల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మా పెదనాన్నగారి ఇల్లు ఇలాంటిదే. ఆయన పోయాక వాటాల దావా పడింది. యథాతథ స్థితి అని కోర్టు ఆర్డరు, తాళం వేశాం. ఒకరోజు కొందరు కుర్రాళ్లు వెనక గోడ దూకి వీడియో తీశారు. "దెయ్యాల బంగళా" అని పేరు పెట్టారు. మా మేనత్త మంచాన పడి ఉన్నప్పుడు మనవడు ఫోన్లో చూపించాడు. తను పుట్టిన గది అది. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

వీడియోలో సందు పేరు కనపడింది. నెల తిరక్కుండా వాకిలి తలుపులు పోయాయి. చిలకలు చెక్కిన టేకు తలుపులు, ఇత్తడి గొళ్లెంతో సహా. తర్వాత కిటికీ ఊచలు పోయాయి. పోలీసుల దగ్గరికి వెళ్తే మీలో ఎవరో ఒకరు అమ్ముకుని ఉంటారన్నారు. దాయాదుల మధ్య అదొక కొత్త గొడవ.

కెమెరా నాన్న గారూ, ఆ నాలుగో ఫొటోలో కుంకుమ బొట్లు ఎవరు పెట్టారో మీకు తెలుసా?

కెమెరా నాన్న
మీ బాధ నాకు అర్థమవుతుంది అక్కా. కానీ అది మీ ఇల్లు కాదు. నేను దెయ్యాలని రాయలేదు, తలుపులు పీక్కుపోలేదు. మా అమ్మ ఆ గూటి ముందు చెప్పులు విడిచి దండం పెట్టుకుంది.

కాచిగూడ ఆడపడుచు
మా ఇల్లు కాకపోవచ్చు. ఎవరో ఒకరిదేగా. మీ ఇంట్లో పూజ గదికి నేనొచ్చి దండం పెట్టుకుని, ఫొటో తీసి అందరికీ పెడితే ఊరుకుంటారా?

కెమెరా నాన్న
మా ఇంటికి మేం దీపం పెడుతున్నాం! ఇక్కడ ఎవరు పెడుతున్నారు? కోర్టులో దావా అంటారు, వాటాలు తేలలేదంటారు, ఇల్లేమో కళ్లముందే కూలిపోతుంటుంది. కప్పు మీద ఒక్క టార్పాలిన్ పట్టా కప్పినవాడు ఉండడు. ఎప్పుడో ఒకరోజు బిల్డర్‌కి ఇచ్చి తలా రెండు ఫ్లాట్లు తీసుకుంటారు. ఆ మేడని ప్రేమగా చూసింది మేమే. వదిలేసినవాళ్లని వదిలి ఫొటో తీసినవాణ్ని నిలదీస్తే ఎలా?

కాచిగూడ ఆడపడుచు
పట్టా కప్పడానికి మా అన్నయ్య నిచ్చెన వేశాడు. ఆర్డరు ఉండగా ఇంటి మీద చెయ్యి వేశాడని అవతలి వాళ్లు కోర్టులో పిటిషన్ వేశారు. మీకు ఇది తెలియదు, తెలుసుకునే అవసరం కూడా మీకు లేదు. బయటి నుంచి చూసి "వదిలేశారు" అనేయడం సులువు. మేం వదిలేయలేదు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

నాంపల్లి ప్లీడర్
అమ్మా, కోర్టు అనుమతితో అత్యవసర మరమ్మతు చేయించుకోవచ్చు. కోర్టు తరఫున ఇల్లు చూసొచ్చే కమిషనర్‌ని వేయమని కూడా అడగొచ్చు. మీ వకీలు చెప్పలేదా?

కాచిగూడ ఆడపడుచు
చెప్పారు సర్. అడిగాం. వాయిదాలు పడుతున్నాయి.

డంగుసున్నం
ఈ గొడవలో మూడో ఫొటో సంగతి మరుగున పడిపోయింది.

గౌలిగూడ కుర్రాడు
లొకేషన్ అన్నా? మెసేజ్‌లో పంపినా సరే.

కెమెరా నాన్న
నేను దొంగలా గోడ దూకినట్టు మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. మేం గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగే లోపలికి వెళ్లాం. చేతిలో డబ్బులు కూడా పెట్టాం. అతనే తాళం తీసి, మెట్లెక్కించి, రంగుటద్దాలు చూపించాడు. పెద్దావిడ ఉందని నా తల్లికి కుర్చీ తెచ్చి వేశాడు. ఇంకెవరి అనుమతి కావాలి?

కాచిగూడ ఆడపడుచు
వాచ్‌మన్ ఉన్నాడా? తాళం ఉందా? మరి పాడుబడ్డ మేడ అని ఎందుకు రాశారు? అతనికి నెల నెలా జీతం ఎవరో ఒకరు పంపిస్తున్నారు. అద్దాలు తుడవకపోయినా, కప్పు బాగు చేయించలేకపోయినా, ఎక్కడో కూర్చుని ఎవరో ఆ ఇంటి కోసం డబ్బు ఖర్చు పెడుతున్నారు. వాళ్ల ఫోన్ నంబరు ఆ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. అడిగారా?

ఇద్దరు పిల్లల తల్లి
ఇది నిజం. తాళం తీసి చూపించాడంటే అది ఎవరో కాపాడుకుంటున్న ఇల్లే.

నాంపల్లి ప్లీడర్
వాచ్‌మన్ అనుమతి యజమాని అనుమతి కాదు. అయినా ఉద్దేశం విషయంలో మీకు ఇబ్బంది లేదనే నా అభిప్రాయం.

కెమెరా నాన్న
నంబరు అడగలేదు. అడిగితే "వద్దు" అంటారు, అది ఖాయం. ఈ ఊళ్లో ఎవరిని అడిగినా ముందు వచ్చే మాట అదే. మా నాన్న ఫ్యాక్టరీ దగ్గర నేను అడిగాను. సెక్యూరిటీ ఆఫీసర్‌ని, పై ఆఫీసుని, అందరినీ అడిగాను. ఆయన నిలబడి పనిచేసిన మెషీన్ ఒక్కటి చూస్తామంటే కుదరదన్నారు. మూడు నెలలకి అంతా తుక్కు కింద అమ్మేశారు. మా నాన్న పోయేదాకా ఆ మాటే తలుచుకున్నారు. పద్ధతిగా అడిగినందుకు నాకు దక్కింది అది. అందుకే ఇప్పుడు అడగను, చూస్తాను.

కాచిగూడ ఆడపడుచు
మీ నాన్నగారిని రానివ్వకపోవడం ఘోరం. నిజంగా చెబుతున్నాను. కానీ అక్కడ ఆయనకి ఒక హక్కు ఉంది, ఆ మెషీన్ ఆయనది. మీరు వెళ్లిన ఇంట్లో ఆ హక్కు ఇంకొకరిది. ఆ గూటిలో దీపం పెట్టిన ఆవిడ కూతురో కోడలో ఎక్కడో ఉంటుంది. మీ నాన్నగారి గురించి మీరు పడుతున్న బాధే, మీ ఫొటో చూస్తే ఆవిడా పడుతుంది.

డంగుసున్నం
వాచ్‌మన్‌కి దూలం గురించి తెలియదు. నేను మళ్లీ చెబుతున్నాను.

కెమెరా నాన్న
మూడో ఫొటో ఉంటుంది సర్. దాని కింద "ఈ వసారా ఎక్కవద్దు, దూలం కొస కుళ్లింది" అని మీ మాటగా రాస్తాను. మా పాప మొహంలో ఆ రోజు కనిపించిన సంతోషం నేను దాచిపెట్టను. గూడు ఫొటో తీసేశాను అక్కా. వచ్చే ఆదివారం వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి నంబరు అడుగుతాను. వాళ్లు ఇస్తే ఫొటోలన్నీ వాళ్లకి పంపిస్తాను. వాళ్లు వద్దన్నా కమాను, రంగుటద్దాలు మాత్రం ఇక్కడ ఉంటాయి. అవి రోడ్డు మీది నుంచి కూడా కనిపిస్తాయి, అవి ఈ ఊరివి.

గౌలిగూడ తమ్ముడూ, లొకేషన్ ఇవ్వను. డంగుసున్నం గారు చెప్పిన బన్సీలాల్‌పేట బావికి వెళ్లు.

కాచిగూడ ఆడపడుచు
మొదటి ఫొటోలో కమాను పక్కన సందు బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది. దాన్ని కత్తిరించి పెట్టండి.