ఇంజన్ కొత్తగా కట్టించాం, పాత టాటా లారీ స్టార్ట్ అవ్వడం లేదు. ఎవరైనా చెప్పండి

తాతగారి_లారీ:
అందరికీ నమస్కారం. పొద్దుట్నుంచీ దీంతోనే ఉన్నాం, ఇక ఓపిక లేదు. మా తాతగారి పాత టాటా లారీ చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజన్ మొత్తం విప్పి కట్టించాం. బ్లాక్‌కి బోరింగ్, కొత్త పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు, హెడ్ పని అన్నీ అయ్యాయి. డీజిల్ పంపు, నాజిళ్లు కూడా షాపులో ఇచ్చి తెచ్చాం. బ్యాటరీలు కొత్తవి. సెల్ఫ్ కొడితే బ్రహ్మాండంగా తిరుగుతోంది కానీ ఇంజన్ పట్టదు. డీజిల్ కొత్తది, పైపుల్లో ఎయిర్ కూడా తీశాం. మెకానిక్ పంపు మీద అనుమానం అంటాడు. పంపు షాపు వాళ్లు డీజిల్ పడే టైమింగ్ చూసుకోమంటారు. రేపు ట్రాక్టర్ కట్టి లాగుదామని ఇంట్లో అంటున్నారు. త్వరగా చెప్పండి ప్లీజ్.

పంపురూం:
పొగ వస్తోందా? ఏ రంగు?

ఆటోనగర్_పాతకాపు:
తమ్ముడూ, ట్రాక్టర్ మాట మర్చిపో. కొత్తగా కట్టిన ఇంజన్‌ని గేర్‌లో వేసి లాగితే, పట్టిన క్షణంలోనే రేజ్ ఎక్కుతుంది. అప్పటికి బేరింగుల్లోకి ఆయిల్ చేరిందో లేదో నీకు తెలియదు. క్రాంక్ గ్రైండింగ్‌కి పెట్టిన డబ్బంతా అక్కడే పోతుంది.

ముందు స్టాప్ కేబుల్ లాగి పట్టుకో. డీజిల్ అందకుండా సెల్ఫ్ కొట్టు, ఆయిల్ గేజ్ ముల్లు లేచేదాకా తిప్పు. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటార్ కాలిపోతుంది, కాబట్టి కాసేపు కొట్టి కాసేపు చల్లారనివ్వు. ఆయిల్ ఫిల్టర్ బిగించే ముందు దాన్ని ఆయిల్‌తో నింపావా? ముల్లు లేవకపోతే స్టార్ట్ చేసే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇంకొకటి. ఇంతసేపు సెల్ఫ్ కొట్టారంటే కాలని డీజిల్ రింగులు దాటి కిందికి దిగి ఉంటుంది. డిప్ స్టిక్ తీసి లెవెల్ చూడు, వాసన చూడు. పెరిగి ఉంటే ఆ ఆయిల్ పారబోసి కొత్తది పొయ్యి.

కంకర_టిప్పర్:
ఇంత అవసరం లేదు బ్రదర్. ఎయిర్ క్లీనర్ విప్పి స్టార్టింగ్ స్ప్రే రెండు పీకులు కొట్టండి. మా టిప్పర్లన్నీ అలాగే పడతాయి.

ఆటోనగర్_పాతకాపు:
దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఆ స్ప్రేలోని ఈథర్ పిస్టన్ పైకి రాకముందే అంటుకుంటుంది. ఇంకా సెట్ కాని రింగులు విరుగుతాయి, పిస్టన్ గట్లు పగులుతాయి. ఇంజన్‌లో హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసేముందు లోపల వేడి పుట్టించేవి) ఉండి అవి వేడిగా ఉంటే ఇంకా ప్రమాదం, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్‌లోనే పేలుతుంది.

నల్గొండ_బాబాయ్:
అందరూ ఆయిల్ గురించే మాట్లాడుతున్నారు, నీళ్ల సంగతి ఒక్కరూ అడగలేదు. బాబూ, రేడియేటర్‌లో ఏ నీళ్లు పోశావు? మా వైపు బోరు నీళ్లు పోసి పోసి ఎన్ని ఇంజన్లు చెడ్డాయో చూశాను. బ్లాక్ లోపల నీళ్లు తిరిగే దారుల్లో సున్నం గడ్డకట్టి సగం మూసుకుపోతాయి. పైకి ఏమీ కనిపించదు, గేజ్ కూడా మామూలుగానే ఉంటుంది. వెనక సిలిండర్ల దగ్గర మాత్రం వేడి ఆగిపోతుంది. అక్కడే పిస్టన్ పట్టేస్తుంది, అక్కడే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. బోరింగ్‌కి ఇచ్చినప్పుడే బ్లాక్‌ని తొట్టిలో వేసి కడిగించి ఉండాల్సింది. కడిగించారా లేదా కనుక్కో. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పొయ్యి. అది లేకపోతే వాన నీళ్లు పట్టి పొయ్యి, బోరు నీళ్లు మాత్రం వద్దు.

పంపురూం:
నీళ్ల వల్ల స్టార్ట్ అవ్వకపోవడం లేదు కదా. పొగ రంగు చెప్పమనండి.

నల్గొండ_బాబాయ్:
ఇవాళ స్టార్ట్ అవుతుంది. ఆరు నెలల తర్వాత నా మాట గుర్తొస్తుంది.

తాతగారి_లారీ:
తెల్ల పొగ వస్తోంది. సైలెన్సర్ దగ్గర పచ్చి డీజిల్ వాసన. కళ్లు మండుతున్నాయి.

పంపురూం:
మంచిదే. అంటే డీజిల్ సిలిండర్‌లోకి పోతోంది, కాలడం లేదు. ఎయిర్ లాక్ కాదు, ఫీడ్ పంపు కాదు. ఇక మిగిలిన అనుమానాలు మూడే: పంపు టైమింగ్, కంప్రెషన్, వేడి.

టైమింగ్ ఇలా చూడండి. ట్యాపెట్ కవర్ విప్పండి. ఫ్లైవీల్ గుర్తు టాప్‌కి తెచ్చి ఆరో సిలిండర్ వాల్వులు చూడండి. క్రాంక్‌ని కాస్త అటూ ఇటూ కదిపితే ఒక వాల్వు మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ ఉండాలి. అలా ఉంటే ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నట్టు. ఆరోది కదలకుండా ఒకటోది ఊగుతుంటే క్రాంక్‌ని ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి.

అప్పుడు పంపుని ఇంజన్‌కి కలిపే కప్లింగ్ గుర్తు చూడండి. పంపు క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. కప్లింగ్ సగం చుట్టు తేడాతో బిగిస్తే డీజిల్ ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర్లో పడి తెల్ల పొగగా బయటికి పోతుంది. పైపుల వరస కూడా చూడండి, పేలే క్రమం 1-5-3-6-2-4.

కంకర_టిప్పర్:
ఎగ్జాస్ట్ అంటారు, టైమింగ్ అంటారు. టైమింగ్ గేర్లు మార్కు మీదే పెట్టారని ముందే అనుకోవాలి కదా?

పంపురూం:
వాల్వ్ టైమింగ్ వేరు, పంపు టైమింగ్ వేరు. నేను రెండోది చెబుతున్నాను. గేర్లు గుర్తుల మీదే ఉన్నా పంపు కప్లింగ్ తప్పు బిగించొచ్చు.

వింటేజ్_ప్రేమికుడు:
ఇంత పాత బండిని బతికించుకుంటున్నందుకు అభినందనలు. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించండి. 2021లో కేంద్రం రూల్స్ తెచ్చింది, 50 ఏళ్లు దాటితే చాలు.

ఆటోనగర్_పాతకాపు:
ఆ రూల్స్ టూ వీలర్లకి, కార్లకి. లారీ దాంట్లోకి రాదు. అందరూ పాత బండిని వింటేజ్ అంటున్నారు కానీ చట్టంలో ఆ మాట పరిధి చిన్నది. అది నమ్మి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగి కాలం పోగొట్టుకోవద్దు.

వింటేజ్_ప్రేమికుడు:
నాలుగు చక్రాల బండ్లు అని స్పష్టంగా ఉందండి.

ఆటోనగర్_పాతకాపు:
ఎం1 కేటగిరీ అని ఉంది. అంటే డ్రైవర్ సీటు కాక ఎనిమిది సీట్లు మించని ప్రయాణికుల బండి. సరుకు లారీ ఎన్ కేటగిరీ.

తాతగారి_లారీ:
అన్నా, రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత. ఆరో సిలిండర్ చూశాం, మీరు చెప్పినట్టే వాల్వులు ఊగుతున్నాయి. పంపు గుర్తు కూడా సరిగ్గానే ఉంది. పైపుల వరస సరే. మళ్లీ అదే తెల్ల పొగ.

పంపురూం:
ఏ ఇంజన్?

తాతగారి_లారీ:
చెప్పాను కదండీ, టాటా.

పంపురూం:
టాటాలో ఎన్నో ఇంజన్లు ఉన్నాయి. ప్లేటు మీద నంబరు చూసి చెప్పండి.

తాతగారి_లారీ:
312 అని ఉంది. లారీ 1967ది. ముందు జాలీ మీద మెర్సిడెస్ చుక్క ఉంది.

ఆటోనగర్_పాతకాపు:
అయ్యో, ఈ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది! 1954లో టాటాలు డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో కట్టడం మొదలుపెట్టిన కాలపు ఇంజన్ అది. 1969లో ఆ ఒప్పందం ముగిశాకే చుక్క పోయి టీ అక్షరం వచ్చింది. మేమందరం తర్వాతి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ అనుకుని మాట్లాడుతున్నాం.

312లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. హెడ్‌లోని చిన్న గదిలో పడి అక్కడ అంటుకుంటుంది. ఆ గది గోడలు చల్లగా ఉంటే గాలి వేడి అక్కడే చచ్చిపోతుంది. పైగా నీ ఇంజన్ రింగులు ఇంకా సిలిండర్ గోడలకి కుదురుకోలేదు, కంప్రెషన్ పూర్తిగా రాదు. మన ఎండల్లో కూడా హీటర్ ప్లగ్గులు లేకుండా పట్టదు. హెడ్ పక్కన ఆరు ప్లగ్గులు, వాటిని కలుపుతూ తీగ ఉంటాయి చూడు. సెల్ఫ్ కొట్టేముందు హీటర్ ఎంతసేపు పట్టుకుంటున్నావు?

తాతగారి_లారీ:
నాబ్ లాగి నిమిషం దాకా పట్టుకుంటున్నాం. డ్యాష్ మీద చిన్న జాలీ వెనక తీగ ఎర్రగా వెలగాలట. అది వెలగట్లేదు. పాతది కదా, ఆ తీగే పోయిందనుకున్నాం.

పంపురూం:
అదే మీ జబ్బు. పాత మెర్సిడెస్‌లో ప్లగ్గులు సిరీస్‌లో ఉంటాయి. జాలీ వెనక తీగ కూడా ఆ వరసలోదే. ఎక్కడ తెగినా ఆరూ చల్లగానే ఉంటాయి.

టెస్ట్ ల్యాంప్ ఒక కొస ఎర్త్‌కి పెట్టి, ఎవరితోనైనా నాబ్ లాగి పట్టించండి. కరెంటు వచ్చే వైపు నుంచి ఒక్కో ప్లగ్గు తాకుతూ రండి. ఎక్కడిదాకా వెలిగి ఆ తర్వాత ఆగుతుందో ఆ మధ్యలోదే పోయింది. చివరి ప్లగ్గు దాకా, దాని అవతల కూడా వెలిగితే ప్లగ్గులు బాగున్నట్టు. అప్పుడు చివర ఎర్త్ చూడండి. హెడ్‌కి పెయింట్ వేయించారా?

తాతగారి_లారీ:
వేయించాం. వెండి రంగు.

ఆటోనగర్_పాతకాపు:
పట్టే ముందు ఇంకో మాట. ఎయిర్ క్లీనర్ తీసేసి మానిఫోల్డ్ నోరు మూసేంత మందపాటి చెక్క ఒకటి పట్టుకుని ఒకరిని అక్కడ నిలబెట్టు. డీజిల్ ఎంత పోవాలో మార్చే పంపు ర్యాక్ ఇరుక్కుంటే ఇంజన్ అదుపు తప్పి రేజ్ ఎత్తుకుంటుంది, స్టాప్ కేబుల్ పనిచెయ్యదు. అప్పుడు గాలి మూయడమే దారి. అరచెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు.

పట్టాక గంటల తరబడి సన్నగా తిప్పుతూ ఉంచొద్దు. పాతవాళ్లు రెండ్రోజులు ఐడిల్‌లో తిప్పమంటారు, నేను ఒప్పుకోను. ఐడిల్‌లో రింగుల మీద ఒత్తిడి ఉండదు, సిలిండర్ గోడ గాజులా మెరిసిపోతుంది, తర్వాత జీవితాంతం ఆయిల్ తాగుతుంది. ఆయిల్ ప్రెషర్, నీళ్ల లీకులు చూసుకో. వేడెక్కాక రోడ్డెక్కించి తేలికపాటి లోడుతో, ఒకే వేగం మీద ఉండకుండా నడుపు.

నల్గొండ_బాబాయ్:
ఐడిల్ మాటకి నేను ఒప్పుకోను. మా రోజుల్లో అందరం తిప్పాం, బండ్లు బాగానే నడిచాయి. నీళ్ల సంగతి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

తాతగారి_లారీ:
ల్యాంప్ చివరిదాకా వెలిగింది. ఎర్త్ పట్టీ కింద పెయింట్ ఉంది, గీకి బిగించాం. తీగ ఎర్రబడింది, పట్టింది! థాంక్స్ అన్నా, అందరికీ.

పంపురూం:
ఆయిల్ ప్రెషర్ ఎంత?

ఆటోనగర్_పాతకాపు:
వేడెక్కి చల్లారాక హెడ్ బోల్టులు వరస ప్రకారం మళ్లీ బిగించు, ఆ తర్వాత ట్యాపెట్ గ్యాప్ చూడు. మొదటి ఆయిల్ తొందరగానే మార్చాలి. పారబోసేటప్పుడు అడుగున ఇత్తడి రంగు పొడి ఉందేమో చూసి ఇక్కడ పెట్టు.

పంపురూం:
ప్రెషర్ చెప్పలేదు.

నల్గొండ_బాబాయ్:
బాబూ, రేడియేటర్‌లో ఏ నీళ్లు పోశావు?