బాలి కొండలు, కొత్త రుసుములు, బండి తిప్పలు: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

మూలపేట_కుర్రోడు
అందరికీ నమస్కారం. మేము, బాబాయి వాళ్ళు కలిసి ఎనిమిది మందిమి బాలి వెళ్దామనుకుంటున్నాం. నాన్నకి 63, అమ్మకి 58, పిల్లలు ఇద్దరు. బాటూర్ కొండ ఎక్కి సూర్యోదయం చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. మా ఫ్రెండ్ 2022లో వెళ్ళొచ్చాడు. వాడు చెప్పిందానికీ, ఇప్పుడు వింటున్నదానికీ పొంతన లేదు. దీవిలో దిగితే డబ్బు కట్టాలంట, గైడ్ లేకుండా కొండ ఎక్కనివ్వరంట, స్కూటర్లు అద్దెకివ్వరంట. ఏది నిజం, ఏది పుకారు? పెద్దవాళ్ళని తీసుకుపోతున్నా కాబట్టి కాస్త టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు_బ్యాక్‌ప్యాక్
తమ్ముడూ, డబ్బు సంగతి నిజమే. 2024 ఫిబ్రవరి 14 నుంచి బాలికి వచ్చే ప్రతి విదేశీ టూరిస్టూ 1,50,000 రూపాయా (ఇండోనేషియా డబ్బు) కట్టాలి. సున్నాలు చూసి భయపడొద్దు, మన డబ్బుల్లో 800 చిల్లర. పిల్లలకి కూడా మినహాయింపు లేదు. లవ్ బాలి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ ఇక్కడి నుంచే కట్టేయొచ్చు. మెయిల్‌కి క్యూఆర్ కోడ్ వస్తుంది, ఫోన్‌లో దాచుకో, ఒక ప్రింటు కూడా తీసుకో. ఇది వీసా కాదు. అక్కడ దిగాక ఇచ్చే వీసా ఆన్ అరైవల్ వేరే, మనిషికి 5,00,000 రూపాయా, అంటే దాదాపు 2,700 రూపాయలు. 30 రోజులు ఉండొచ్చు. ఒకసారి పొడిగించుకోవచ్చు.

ఇంకొకటి, 2025లో ఆల్ ఇండోనేషియా అని ఆన్‌లైన్ ఫారం పెట్టారు. కస్టమ్స్, ఆరోగ్యం ఫారాలు రెండూ అందులోనే. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. దానికి పైసా కట్టక్కర్లేదు.

ఇక్కడే నేను దెబ్బ తిన్నా. గూగుల్‌లో వెతికితే పైన వచ్చిన లింకు నొక్కేశా. చూడ్డానికి సర్కారు సైట్ లాగే ఉంది. ఉచిత ఫారానికి కార్డు నంబరు అడిగింది, కట్టేశా కూడా. మా ఆవిడ చూసి "ఉచితం అన్నావు కదా" అనేదాకా వెలగలేదు. ఆ డబ్బు తిరిగి రాలేదు. అడ్రస్ చివర గో డాట్ ఐడి అని ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకో. వీసాకైనా ఇదే జాగ్రత్త.

మూలపేట_కుర్రోడు
థాంక్స్ అన్నా. ఎనిమిది మందికి వీసా, రుసుము కలిపితేనే దాదాపు 28 వేలు. ఇది బడ్జెట్‌లో రాసుకోలేదు నేను. మధ్యలో పక్క దీవి లొంబోక్ వెళ్ళి మళ్ళీ బాలి వస్తే రెండోసారి కట్టాలా?

ఒంగోలు_బ్యాక్‌ప్యాక్
అక్కర్లేదు. ఇండోనేషియా దాటి బయటికి పోనంత వరకు ఒక్కసారే.

మైపాడు_అల
బాటూర్ గురించి నేను చెప్తాను, పోయిన ఏడాది మా అత్తయ్యతో కలిసి ఎక్కాం. ఎత్తు 1,717 మీటర్లు. అది ఇప్పటికీ బతికున్న అగ్నిపర్వతం. స్థానిక గైడ్ల సంఘం వాళ్ళు లేకుండా ఎవరినీ పైకి పోనివ్వరు. మొదట నాకూ ఇది డబ్బు గుంజే పని అనిపించింది. ఎక్కాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఉబుద్‌లో మా హోటల్‌కి రాత్రి రెండింటికి వ్యాన్ వచ్చింది. నాలుగు గంటలకి నడక మొదలు. మొదట అరగంట టమాటా, ఉల్లి చేలగట్ల వెంట దారి, హాయిగా ఉంది. తర్వాత రాళ్ళు. చివరి భాగం మాత్రం నల్లటి లావా ఇసుక, అడుగు పైకి వేస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. మన మైపాడు ఇసుకలో ఎత్తు ఎక్కుతున్నట్టు ఊహించుకోండి, అదీ చీకట్లో. అత్తయ్య ఒక చోట కూర్చుని "నా వల్ల కాదమ్మాయ్, మీరు పోండి" అంది. గైడ్ కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. తన తలకున్న లైటు తీసి ఆవిడ తలకి పెట్టాడు, చెయ్యి పట్టుకున్నాడు, నాలుగు అడుగులు వేయించి ఆపాడు, మళ్ళీ నాలుగు. అలా పైదాకా తీసుకొచ్చాడు. పైన రాళ్ళ సందుల్లోంచి ఆవిరి వస్తుంటే దాంట్లో కోడిగుడ్లు పెట్టి ఉడికించి ఇచ్చాడు. మా అత్తయ్య గుడ్డు తినదు, అరటిపండు ఉడికించి ఇస్తే తింది. ఎదురుగా చెరువు, దాని వెనక ఆగుంగ్ కొండ, ఇంకా దూరంగా లొంబోక్‌లోని రింజాని. అన్నీ ఒక్కొక్కటిగా చీకట్లోంచి బయటపడ్డాయి.

పైన చలి గట్టిగానే ఉంటుంది. నెల్లూరు ఎండకి అలవాటు పడ్డ ఒళ్ళు కదా, స్వెట్టర్ తప్పనిసరి. పాత చెప్పులు, నున్నగా అరిగిన షూ వద్దు.

మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పి ఉంటే జీపులో సూర్యోదయం చూపించేవాళ్ళు ఉన్నారు. కొండ ఎదురుగా ఎత్తు మీద ఆపుతారు, తర్వాత నల్ల లావా మైదానంలో తిప్పుతారు. నడిచేవాళ్ళు నడవండి, మిగతావాళ్ళు జీపు ఎక్కండి, కింద వేడినీటి గుండాల దగ్గర కలుసుకోండి. మా మామయ్య అలాగే చేశారు.

ఒంగోలు_బ్యాక్‌ప్యాక్
అక్క చెప్పిన దానికి ఒక్క మాట. గైడ్ ఖర్చు, టికెట్, వ్యాన్ అన్నీ కలిపి ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకో. పైకి పోయాక "టిఫిన్ వేరే" అంటే మనం ఏం చేయలేం.

కందుకూరు_స్టీరింగ్
స్కూటర్ల గురించి అడిగావు కదా తమ్ముడూ. 2023లో అక్కడి గవర్నర్ వయాన్ కోస్టర్ విదేశీయులకి బైకులు అద్దెకివ్వకూడదని అన్నారు. కొండలన్నీ ఎక్కడం ఆపేస్తామని కూడా ఆ ఏడాదే ప్రకటించారు. టూరిస్టులు పవిత్రమైన కొండల మీద బట్టలు విప్పి ఫోటోలు దిగడంతో వచ్చిన గొడవ అది. బాటూర్ గైడ్లు మా పొట్ట కొట్టొద్దని అడ్డం తిరిగారు. రెండూ అమలు కాలేదు. బైకులు అద్దెకి దొరుకుతున్నాయి.

కానీ దొరుకుతున్నాయి కదా అని ఎక్కేయొద్దు. నేను ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్నవాణ్ణి, నా మాట వినండి. మన ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. అందులో టూవీలర్ కూడా ఉండాలి. మన దగ్గర చాలామందికి కారు లైసెన్స్ ఒక్కటే ఉంటుంది, బైకు మాత్రం పదో తరగతి నుంచి నడుపుతుంటారు. అది అక్కడ కుదరదు. మా బంధువుల అబ్బాయి చంగు అనే ఊరి దగ్గర మలుపులో జారి పడ్డాడు, భుజం ఎముక విరిగింది. పర్మిట్ లేదని ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆసుపత్రి బిల్లు కోసం వాళ్ళ నాన్న ఇక్కడ చిట్టీ పాడాల్సి వచ్చింది.

ఎనిమిది మంది అంటున్నావు, రోజంతా డ్రైవర్‌తో పెద్ద వ్యాన్ మాట్లాడుకో. పంచుకుంటే పెద్ద భారం కాదు. యాప్ కార్లు కూడా ఉన్నాయి, కానీ కొన్ని ఊళ్ళల్లో స్థానిక డ్రైవర్లు వాటిని లోపలికి రానివ్వరు. దింపడానికి వస్తాయి, ఎక్కించుకోవడానికి రావు. పొద్దున్నే గుడికి పోయి, తిరుగు బండి దొరక్క ఎండలో నిలబడతారు.

చీరాల_నేత
కొండకి డబ్బు, దీవికి డబ్బు, వీసాకి డబ్బు. టూరిస్టు అంటే ఏటీఎం అనుకుంటున్నారా? సముద్రమే చూడాలంటే మనకి లేదా?

కావలి_పద్మ
చీరాల గారూ, మీ బాధ అర్థమైంది. నాకూ కట్టేటప్పుడు అలాగే అనిపించింది. కానీ ఒక్కసారి మన పెంచలకోన గుర్తు తెచ్చుకోండి. సెలవుల్లో జనం వెళ్ళొచ్చాక ఏటి పక్కన ప్లాస్టిక్ గ్లాసులు, ఆకులు, సీసాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. నరసింహస్వామి కొండ మీద ఎవరో తాగి పడుకుంటే మనకి ఎంత మండుతుంది? ఆగుంగ్ వాళ్ళకి అలాంటిదే. వాళ్ళ అతి పెద్ద గుడి బెసకిహ్ ఆ కొండ ఒడిలోనే ఉంది. అక్కడ పెద్ద ఉత్సవాలు జరిగే రోజుల్లో కొండ ఎక్కనివ్వరు. తమ సంస్కృతినీ, పర్యావరణాన్నీ కాపాడుకోవడానికే ఈ రుసుము అని వాళ్ళు చెబుతున్నారు. 800 రూపాయలు నాకు ఎక్కువ అనిపించలేదు.

నియమాల సంగతి. 2025 మార్చి 24న గవర్నర్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. గుళ్ళల్లో నిండుగా బట్టలు వేసుకోవాలి, పూజకి తప్ప లోపలి ప్రాంగణంలోకి పోకూడదు, పవిత్రమైన చెట్లు ఎక్కకూడదు, లైసెన్స్ ఉన్న గైడ్లనే పెట్టుకోవాలి, డబ్బు మార్పిడి గుర్తింపు ఉన్న చోటే చేయాలి. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు గుడి లోపలికి వెళ్ళకూడదని కూడా ఉంది. ఇది మనకి కొత్తేం కాదు కాబట్టి ప్రయాణం తేదీలు వేసుకునేటప్పుడే చూసుకోండి. నడుముకి చుట్టుకునే సారోంగ్, పైన కట్టే పట్టీ చాలా గుళ్ళల్లో ఇస్తారు. నేను మాత్రం మా ఆయనకి పంచె పట్టుకెళ్ళాను, తీర్థ ఎంపుల్ గుడిలో అక్కడి పెద్దాయన చూసి చాలా సంతోషపడ్డాడు.

స్టీల్ సీసాలు తీసుకెళ్ళండి. లీటరు కన్నా చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాల మీద 2025లోనే నిషేధం ప్రకటించారు.

ఇంకో ముఖ్యమైన విషయం. వాళ్ళ సంవత్సరాది పేరు న్యేపి. వాళ్ళదీ శక సంవత్సరమే, మన ఉగాది లెక్కే. 2026లో రెండూ ఒకే రోజు పడ్డాయి, మార్చి 19. అన్ని ఏళ్ళూ అలా కలవవు, 2024లో న్యేపి మార్చి 11న వస్తే మన ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. ఆ రోజు దీవి మొత్తం మౌనం. విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు, రోడ్డు మీద బండి ఉండదు, మనం కూడా హోటల్ దాటకూడదు, రాత్రి లైట్లు బయటికి కనపడకూడదు. అది తెలియకుండా టికెట్ కొన్నవాళ్ళ ప్లాన్ అంతా తలకిందులవుతుంది. నాకైతే ఒక్కసారి ఆ రోజు అక్కడ ఉండాలని ఉంది. దీపాల్లేని ఆకాశం ఎట్టా ఉంటుందో చూడాలి.

చీరాల_నేత
పద్మ గారూ, పెంచలకోన మాట నిజం. నేను కోపంలో అన్నాను. మా పిల్లలకి కూడా ఈ చర్చ చదివిస్తాను.

మూలపేట_కుర్రోడు
పద్మక్కా, ఈ న్యేపి సంగతి నాకు అస్సలు తెలీదు. మేము చూస్తున్నది దసరా సెలవులు, కాబట్టి ఇబ్బంది లేదు. నా తమ్ముడు రింజాని కూడా అంటున్నాడు. అది ఎలా ఉంటుంది?

ఉదయగిరి_దుర్గం
రింజాని జోలికి కుటుంబంతో పోవద్దు. 3,726 మీటర్లు, రెండు మూడు రోజులు టెంట్లలో ఉండాలి. వానల వల్ల జనవరి నుంచి మార్చి దాకా మూసేస్తారు. 2025 జూన్‌లో బ్రెజిల్ అమ్మాయి అంచు నుంచి జారిపోయింది, నాలుగు రోజులకి గానీ చేరుకోలేకపోయారు, అప్పటికే ప్రాణం పోయింది. ఆ తర్వాత నిబంధనలు బిగించారు. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, ఆరోగ్యం సర్టిఫికెట్ చూపించాలి. మీ తమ్ముడికి అంత కోరిక ఉంటే ముందు బాటూర్ ఎక్కమను. ఆగుంగ్ కూడా తక్కువది కాదు, బెసకిహ్ వైపు నుంచి రాత్రంతా నడక.

బాటూర్‌కి మాత్రం సాధన చేసి పోండి. నెల్లూరు నేల బల్లపరుపు. రంగనాయకుల గుడి చుట్టూ పది ప్రదక్షిణలు చేసినా కాళ్ళకి ఎక్కడం తెలియదు. మా ఉదయగిరి దుర్గం ఎక్కండి. నెల్లూరు నుంచి వంద కిలోమీటర్లు ఉంటుంది. కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర నుంచి గెలిచిన కోట, దారి పొడవునా రాళ్ళూ, ముళ్ళ పొదలూ. ఎండెక్కక ముందే పైకి పోయి దిగితే బాటూర్‌కి సరిపడా ఊపిరి వస్తుంది. నేను మూడు వారాలు అలాగే చేసి పోయాను, ఒక్క చోట కూడా ఆగలేదు.

మైపాడు_అల
ఉదయగిరి అంటే గుర్తొచ్చింది. అక్కడి చెక్క గరిటెలు రెండు తీసుకెళ్ళి మా గైడ్ కుర్రాడికి ఇచ్చాను. వాళ్ళూ చెక్క పని చేసే మనుషులు, వెంటనే తిప్పి చూసి ఏ చెట్టు అని అడిగాడు.

కందుకూరు_స్టీరింగ్
విమానం మాట ఎవరూ చెప్పలేదు. బెంగళూరు నుంచి 2024లో నేరుగా బాలి రాజధాని డెన్పసార్‌కి ఇండిగో వేశారు. చెన్నై నుంచి అయితే కౌలాలంపూర్ లేదా సింగపూర్‌లో మారే టికెట్లు చూడండి. మనకి చెన్నై దగ్గర. రైల్లో సెంట్రల్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకి పోతుంది, ముసలివాళ్ళతో, సామానుతో కూడా సులువు. కానీ మారే చోట టైం మూడు గంటలకి తక్కువ పెట్టుకోవద్దు.

డబ్బు మార్చేటప్పుడు నోట్లు నీ చేత్తో లెక్కపెట్టు, వాళ్ళు లెక్కపెట్టాక మళ్ళీ వాళ్ళ చేతికి ఇవ్వకు. కుటాలో ఒక సందు కొట్టులో నా కళ్ళ ముందే రెండు నోట్లు బల్ల కిందికి జారాయి. గదికి వచ్చాక గానీ తెలియలేదు.

మూలపేట_కుర్రోడు
అందరికీ చేతులెత్తి దండం. రాత్రి అమ్మానాన్నలకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించా. నాన్న జీపుకి ఒప్పుకున్నారు. అమ్మ మాత్రం నడుస్తానంటోంది, మైపాడు అక్క వాళ్ళ అత్తయ్య ఎక్కినప్పుడు తనెందుకు ఎక్కకూడదంట. స్కూటర్ ఆలోచన మానేశాం, వ్యాన్ మాట్లాడుకుంటాం. రింజాని లేదు.

దుర్గం అన్నా, వచ్చే ఆదివారం అమ్మని, తమ్ముణ్ణి తీసుకుని ఉదయగిరి వస్తా. ఎన్నింటికి మొదలుపెట్టాలి?

ఉదయగిరి_దుర్గం
ఐదున్నరకల్లా బస్టాండు దగ్గర ఉండండి, నేను వస్తా. అమ్మగారికి చేతికర్ర నేను తెస్తాను. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు మీరు తెచ్చుకోండి, పైన దొరకవు.